తునికాకు పుట్టిన చోటు

గుట్టలెక్కి గుడారాలలో రాత్రి గడపడం అనగానే మనలో అనేకులకు హిమాలయాలే జ్ఞప్తికి వస్తాయి. కామారెడ్డి నుండి ఎల్లారెడ్డికి పోయే బస్సులో కూర్చున్న విద్యార్థి కిటికీ వెలుపలి గుట్టల వంక చూడడు. చూచినా, అవి ఎప్పటినుండో తెలిసినవే కదా అనుకొని కన్ను మరల్చుకొంటాడు. దారి తెలిసిన మనిషి వెంట ఆ గుట్టలలోకి నడిచి, వాటి నడుమనున్న ఒక తండాలో ఒక రాత్రి గడిపి వచ్చాము. ఆ ముచ్చటను పాఠక మిత్రుల ముందుంచుతున్నాము.

మేము ఇరువది ఇద్దరము. ఉర్దూ మాధ్యమం వారు, తెలుగు మాధ్యమం వారు కలిసి బయలుదేరడం ఇదే మొదటిసారి. అందరికంటె కష్టమైన గుట్ట కళాశాల ఆవరణలోనే ఎదురైంది. తొమ్మండుగురు విద్యార్థినులు పేర్లిచ్చారు గాని, ఇంటి పెద్దల సంతకాలు మాత్రం రాలేదు. పగటి యాత్ర అయితే పంపుతామన్నారు. రాత్రి బస అంటే తలలు అడ్డంగా ఊపారు. ఇద్దరు అధ్యాపకురాండ్రు వెంట వస్తారని చెప్పినా లాభం లేకపోయింది.

అప్పుడొక అధ్యాపకుడు మాలావత్ పూర్ణను గుర్తు చేశారు. నిజామాబాదు జిల్లా పాకాల గ్రామంలో కూలి చేసుకొని బ్రతికే లంబాడా దంపతుల బిడ్డ ఆమె. మనం ఎల్లారెడ్డికి పోయే త్రోవలోనే ఉన్న తాడ్వాయి గురుకుల పాఠశాలలో చదువుకొన్నది. మొదట భువనగిరి రాతికొండపై, తరువాత డార్జిలింగులో, లడఖ్ మంచులో శిక్షణ పొంది, 2014 మే 25న టిబెట్టు వైపు నుండి ఎవరెస్టు శిఖరాన్ని అధిరోహించింది. అప్పటికామెకు నిండా పదునాలుగేండ్లు లేవు. 2022లో ఏడు ఖండాల అత్యున్నత శిఖరాలను ఎక్కడం పూర్తి చేసింది. ఇదంతా విని ఒక తండ్రి మెల్లగా, "ఆ పిల్లను సర్కారు పంపింది సార్, మా పిల్లకు జవాబుదారీ ఎవరు?" అన్నాడు. ఆ ప్రశ్న న్యాయమైనదే. బదులుగా అధ్యాపకురాండ్రు ఒక్కొక్క ఇంటికీ స్వయంగా వెళ్ళి, బస చేయబోయే చోటును, దారి చూపబోయే మనిషిని గూర్చి వివరించి వచ్చారు. ఆ మనిషి ఒక స్త్రీ అని తెలిసిన మీదట ఏడు సంతకాలు పడ్డాయి. మిగిలిన ఇద్దరు రాలేదు. వారు రాకపోవడం యాత్ర పొడుగునా మాకు వెలితిగానే ఉండినది.

ఎల్లారెడ్డి దాటి నాగిరెడ్డిపేట వైపు పోతే పోచారం అభయారణ్యం వస్తుంది. సుమారు 130 చదరపు కిలోమీటర్ల ఈ అడవి కొంత కామారెడ్డి జిల్లాలోను, కొంత మెదక్ జిల్లాలోను ఉన్నది. ఒకప్పుడిది నిజాం ప్రభువుల వేట స్థలము, అనగా షికార్గాహ్. ఉర్దూలో షికార్ అంటే వేట. అదే మాట తెలుగు నోట పడి సరదాగా తిరిగి రావడమనే అర్థంలో షికారు అయింది. 1952లో సర్కారు ఈ అడవిని అభయారణ్యం చేయక పూర్వమే, తెలుగువాడు తన నుడికారంలో ఆ వేటగాని చేతి తుపాకిని ఊడబెరికాడని మా ఉర్దూ మిత్రుడొకడు చమత్కరించాడు. మకాం, మజిలీ, డేరా అన్నీ అటునుండి వచ్చిన మాటలే గనుక, మా యాత్రకు కావలసిన పదజాలం రెండు మాధ్యమాల వారికీ ముందుగానే ఉమ్మడిగా ఉన్నదన్నమాట.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అనుమతి లేనిదే అభయారణ్యంలో అడుగు పెట్టరాదు. అందుచేత మా మకాం అభయారణ్యం వెలుపల, తండా బడి ముందరి ఖాళీ స్థలంలో ఏర్పాటయింది.

మాకు దారి చూపిన తల్లికి యాభై ఏండ్లు పైబడి ఉంటాయి. మా జట్టులోని లంబాడా విద్యార్థిని ఆమెను "యాడీ" అని పిలిచింది. యాడి అంటే అమ్మ. మధ్యాహ్నానికల్లా అందరమూ అలాగే పిలువసాగాము. చేతిలో ఒక కట్టె తప్ప మరేమీ లేదు. మేము మాత్రం వీపున సంచులు, తలకు టోపీలు, మెడలో నీళ్ళ సీసాలతో సైన్యం వలె బయలుదేరాము.

"బిడ్డా, రాయి దాటెటప్పుడు ముందుగాల కట్టెతోని కొట్టు. అవుతలి దిక్కు ఏమున్నదో నీకెర్కనా?" అన్నదామె. పాములను గూర్చిన పాఠం అంతటితో ముగిసింది. ఒక చెదల పుట్ట దగ్గర ఆగి, దాని పక్కన లోతుగా త్రవ్విన గుంతను చూపింది. అది ఎలుగుబంటి గోళ్ళ పని. చెదలంటే దానికి ప్రాణమట, ఇప్పపూలన్నా అంతే. పూలు రాలే ఎండాకాలంలో తెల్లవారకముందు ఒంటరిగా ఇప్పచెట్టు క్రిందికి పోరాదని, పోవలసివస్తే మాట్లాడుకొంటూ పోవాలని చెప్పింది. ఎలుగుకు చూపు తక్కువ, ఉలికిపాటు ఎక్కువ. మనిషి చప్పుడు ముందుగా వినిపిస్తే తానే తప్పుకొంటుంది. టేకు, నల్లమద్ది, మోదుగ, సండ్ర అని ఆమె చెట్ల పేర్లు చెబుతుంటే మేము వ్రాసుకొన్నాము. వ్రాసుకొన్నంత వేగంగా మరచిపోయాము కూడ.

ఒక చెట్టు దగ్గర మాత్రం నోటు పుస్తకం అవసరం లేకపోయింది. "ఇది తునికి," అని యాడి ముందుకు సాగింది గాని, మా జట్టులో నలుగురైదుగురు అడుగు కదపలేదు.

కామారెడ్డి, నిజామాబాదు ప్రాంతాల ఇండ్లలో బీడీల చాట ఎరుగని ఇల్లు తక్కువ. మా సహాధ్యాయుల తల్లులలో అనేకులు, బురఖా వేసుకొనేవారూ బొట్టు పెట్టుకొనేవారూ, ఆకు నానబెట్టి, అచ్చు పెట్టి కత్తిరించి, తంబాకు పోసి, చుట్టి, దారం కట్టి, వేయి బీడీల లెక్కన కూలి తెచ్చుకొని పిల్లలను చదివిస్తున్నవారే. ఆ ఆకుతోనే ఫీజులు కట్టిన పిల్లలు ఆ చెట్టును అప్పటివరకు చూడలేదు. వారెరిగిన ఆకు కార్ఖానా నుండి ఎండి వచ్చినది. ఒక విద్యార్థిని కొమ్మను వంచి, ఆకును వ్రేళ్ళ నడుమ మెల్లగా రుద్ది చూచింది. చెప్పనక్కరలేకుండానే చుట్టే వైపుకు ఆమె బొటనవ్రేలు తిరిగింది.

యాడి వెనుకకు వచ్చి సంగతి తెలుసుకొని అక్కడే బండపై కూర్చున్నది. చలికాలం చివర తునికి పొదలను కొట్టివేస్తారు; అప్పుడే లేత చిగురు దట్టంగా వస్తుంది. ఎండలు ముదిరే వేళ, తెల్లవారకముందే లేచి ఆకు కోసి, యాభై ఆకులకొక కట్ట కట్టి కల్లానికి చేర్చాలి. 1971 నాటి చట్టంతో ఈ ఆకు వ్యాపారం ప్రభుత్వం చేతిలోకి వచ్చింది. కట్టలు ఎండలో ఆరి, బస్తాలకెక్కి పట్టణానికి పోతాయి. "ఆడ ఎవలు సుడుతరో మాకెర్కలేదు," అన్నది యాడి. మా విద్యార్థిని, "మా అమ్మీ చుడుతది," అన్నది. ఇద్దరూ తమ తమ కూలి రేట్లు చెప్పుకొన్నారు. నడుము నొప్పి ఎవరికెక్కువో కూడ పోల్చి చూచుకొన్నారు. అర్ధగంట గడిచింది. మా ప్రయాణ పట్టికలో ఆ చోటికి విరామం వ్రాసి లేదు. అధ్యాపకులు గడియారం చూడలేదు.

రాత్రి జొన్నరొట్టె, పప్పు, ఎర్రకారం. చిరుతపులి భయం చేత మేకలను లోపల కట్టివేశారు. విద్యార్థినులు బడి గదిలో, మేము డేరాలలో పడుకొన్నాము. చలికి నిద్ర పట్టక పాటలు పాడినవారిని గూర్చి ఇక్కడ వ్రాయకపోవడమే మర్యాద.

మరునాడు పోచారం జలాశయం చేరుకొన్నాము. మంజీరకు ఉపనది అయిన ఆలేరు వాగుపై 1922 నాటికి పూర్తియైన రాతికట్టడం ఇది. 2025 ఆగస్టు చివర కురిసిన కుండపోతకు కామారెడ్డి వీధులు నీట మునిగి, రైలు పట్టాల క్రింది కట్ట కొట్టుకుపోయినపుడు, ఈ పాత కట్ట తెగుతుందేమోనని దిగువ గ్రామాలు వణికాయి. ప్రక్కన కోత పడినా ఆనకట్ట నిలిచింది. మేము చూచినపుడు నీరు నిశ్చలంగా ఉన్నది. తలపై రెండు నల్లని చారలు గల బాతులు ఒడ్డున మేస్తున్నాయి. మధ్య ఆసియా నుండి హిమాలయాల మీదుగా ప్రతి శీతాకాలమూ వచ్చే పక్షులవి.

వీడ్కోలు వేళ యాడికి ఎంత ఇవ్వాలన్నది చర్చకు వచ్చింది. కొందరు కానుకగా చీర పెడదామన్నారు. ఆమె ఒప్పుకొనలేదు. "తొవ్వ సూపినందుకు పైసలేంది? రెండు దినాల పని పోయింది, ఆ కూలి ఇయ్యుండ్రి," అన్నది. రెండు దినాల కూలి తక్కువేనని మా అభిప్రాయం. దారి చూపడం పని కాదని ఆమె అనుకోవడం మాకు నచ్చలేదు. అమ్రాబాదు పులుల అభయారణ్యంలో అటవీశాఖ చెంచు యువకులకు శిక్షణ ఇచ్చి, సందర్శకులకు దారి చూపే ఉద్యోగాలు కల్పించింది. ఎల్లారెడ్డి అడవికి ఆ మాత్రం యోగ్యత లేదా? యాడి కొడుకు దుబాయిలో ఉన్నాడు. అతనికి ఈ దారులు తెలియవు. మేము వ్రాసుకొన్న చెట్ల పేర్లలో సగానికి తప్పులున్నాయని ఆమెయే దిద్దింది.

చివరకు నాలుగు దినాల కూలి లెక్కగట్టి, అది అడవిలో పని చేసినందుకే అని చెప్పి ఇచ్చాము. ఆమె లెక్క పెట్టుకొని కొంగున ముడి వేసుకొన్నది.

తునికి చెట్టు క్రింద రాలిన ఆకునొకదానిని మా విద్యార్థిని పుస్తకంలో పెట్టుకొని తల్లికి చూపింది. ఆమె దానిని వెలుతురుకెత్తి, ఈనెలు చూచి, వ్రేళ్ళతో వంచి, "ముదిరిపోయింది, చుట్టటానికి పనికిరాదు," అని తిరిగి ఇచ్చిందట. తరువాత కాసేపటికి, చెట్టు ఎంత ఎత్తున్నదని అడిగిందట.