గీరితే ఎరుపు

శేషాచలంలో కాలిన కొండ మీద మళ్లీ ఏం మొలుస్తోందో చూసి రాయమని సంపాదకులు పంపారు. తిరుమల కొండలు తగలబడి, వాయుసేన హెలికాప్టర్లు నీళ్లు కుమ్మరించిన 2014 అది. మంటలు మార్చిలో. నేను వెళ్లేసరికి వానలు మొదలయ్యాయి. అటవీ అధికారి గుంతల లెక్క, వాటిలో నాటిన మొక్కల లెక్క చెబుతూ ముందు నడిచారు. నేను ఫైర్ వాచర్ పెద్దాయన దగ్గరే ఆగిపోయాను.

ఆయన ఎర్రచందనం మోడు ముందు గొంతుక్కూచుని కొడవలి మొనతో బెరడు గీరాడు. మసి రాలింది. జానెడు కింద గీరాడు, పొడే. నేలకు ఆనిన చోట గీరితే తడి తగిలింది. నెత్తురులాంటి రసం సన్నగా ఊరింది.

"పైన సచ్చినా కింద పానం ఉండాది సామీ."

బూడిద తోస్తే ఏడు పిలకలు. ఒక్కోదాని మొదలు బొటనవేలితో నొక్కి చూశాడు. మోడు పైఅంచున పుట్టినవి గాలికి విరిగిపోతాయట. మట్టిలోంచి వచ్చిన గట్టిదొకటి ఉంచి, తక్కినవి తర్వాత తీసెయ్యాలట. ఆ నొక్కుడు చూస్తూ ఎంతసేపైనా నిలబడొచ్చు.

నా బాధంతా ఇక్కడే. మూడడుగుల దూరంలో కొత్త గుంత, అందులో నర్సరీ మొక్క. అది వేరు దించడానికి ఏళ్లు పడుతుంది. ఈ మోడుకు వేరు ఎప్పుడో దిగింది. అయినా అధికారి రిజిస్టర్లో గుంతకు గడి ఉంది, పిలకకు లేదు. శేషాచలం, పాలకొండలు, వెలికొండలు, ఆ చుట్టుపక్కల కాసిని కొండలు దాటితే అడవిలో తనంతట తాను పెరగని చెట్టు ఇది. దాని పిలకను లెక్కపెట్టకపోతే ఇంకేం లెక్కపెడతాం?

కాలిన కలపైనా అమ్ముకోవచ్చు కదా అని కొండ కింద టీకొట్టులో ఒకాయన అడిగాడు. కూడదు. ఇది జాతీయ పార్కు. అలాంటి చోట్ల చచ్చిన చెట్టును, పడిపోయిన చెట్టును కూడా తీసుకుపోవద్దని 2000 ఫిబ్రవరి 14న సుప్రీంకోర్టు ఆదేశించింది. అదే సరైనదని ఈ వాలు మీద నిలబడితే తెలుస్తుంది. పెద్దాయన అడ్డంగా పరిచిన కాలిన కొమ్మ వెనక నాలుగు వేళ్ల మందాన మట్టి ఆగింది, అందులో బోదగడ్డి మొలిచింది. కొమ్మ లేని చోట వాన బూడిదనూ మట్టినీ ఊడ్చుకుపోయి రాయి తేలింది.

దిగేటప్పుడు ఆయన తోటి వాచర్‌తో అంటుంటే విన్నాను: "మంట ఉన్నన్నాళ్లే మనం కావాల అబ్బీ. పిలకొచ్చే యాళకి ఇంటికి పొమ్మంటారు." ఎండాకాలంతో ఆయన కూలి ఆగింది. ఆ రోజు దారి చూపడానికి మాత్రమే పిలిచారు. పిలకలు తీసెయ్యాల్సిన నాటికి ఆ బొటనవేలు ఇక్కడ ఉండాలి కదా. దానికి కూలి రాసే గడి కూడా ఆ రిజిస్టర్లో లేదు.

ముందునుంచి అధికారి కేకేశారు. పెద్దాయన మాత్రం వెనక్కి నడిచి, తాను గీరిన చోట తడిమట్టి మెత్తి, వేలితో సాపు చేసి వచ్చాడు.