కూటి కోసమేనా?

కూటి కోసం కోటి విద్యలన్నారు పెద్దలు. ఆ మాటలో సగమే నిజమున్నదని నా అనుమానం.

మా వీధినే చూడండి. ఎదురింటి కుర్రవాడు బ్యాంకులో చేరింది జీతం మీద మోజుతో కాదు. అప్పులవాళ్ల ముందు తండ్రి చేతులు కట్టుకు నిలబడటం చూశాడు. ఇక మా బావగారు ప్లీడరీ చదివింది కేవలం నల్లకోటు కోసం! ఆయనే ఒప్పుకున్నారు లెండి, నేను కల్పించింది కాదు.

చిన్నప్పుడు విశాఖపట్నంలో చదువుకున్న సి. వి. రామన్‌గారి సంగతి మరీ విచిత్రం. 1907లో కలకత్తాలో ఆర్థికశాఖలో మంచి ఉద్యోగం. తీరిక వేళల్లో బౌబజారులోని సైన్సు సంఘంలో ప్రయోగాలు. 1917లో ఆ సర్కారు కొలువు వదిలి, అంతకంటె తక్కువ జీతానికి విశ్వవిద్యాలయంలో ఆచార్యుడయ్యారు. నోబెల్ బహుమానం వచ్చింది 1930లో. కొలువు వదిలిననాడు అది వస్తుందని ఎవరు పూచీ పడ్డారు?

ఇదంతా మా వాడికి చెప్పాను. "రామన్ సంగతి వేరు నాన్నా" అన్నాడు. వాడి బాధ వాడిది. మనవరాలికి బ్యాంకు ఉద్యోగం వచ్చింది. అదేమో, ఆరునెలలుగా ఆదివారాలు వెళ్ళివస్తున్న చెవిటి పిల్లల బడిలోనే చేరతానంటున్నది. జీతం సగమైనా లేదు. సోమవారంలోగా జవాబు రాయాలి.

"ఎందుకే తల్లీ?" అన్నాను.

"మొన్న ఒక పిల్లవాడు నా పెదవులు చూసి 'అమ్మ' అన్నాడు తాతయ్యా."

మా వాడు ఇంటి అప్పు వాయిదాలు లెక్కవేస్తున్నాడు. పెన్సిలు ఆగింది గాని, తల ఎత్తలేదు.