పుట్టింటి మైదానములు

లండను నగరమునకు తూర్పున నున్న ఇల్ఫర్డులో మా కుమార్తె కాపురముండుటచే, గత వేసవిలో మేమచ్చట కొన్ని వారములు గడపితిమి. ఒకనాటి సాయంకాలము పొరుగింటి వృద్ధురాలు మమ్ము లిన్ రోడ్డునకు తోడ్కొనిపోయి, వరుసగా నున్న యిండ్లను జూపి, “మా నాయనగారితో నేను ఫుట్‌బాలు చూచిన చోటిది. ఆట నడుమ విరామమున మా అమ్మ అందరికిని టీ కాచి పోసెడిది” అని చెప్పెను. మాకు గోడలును పూలకుండీలును తప్ప మఱేమియు గానరాలేదు. ఆమె కన్నులకు మాత్రము మైదానమంతయు కట్టెదుట నున్నట్లు తోచెను.

ఫుట్‌బాలనగానే మనవారు కోట్ల ధనముతో నడచు పెద్ద సంఘములనే తలంతురు. ఇంగ్లండులో పై నాలుగు శ్రేణులందున్నవి 92 సంఘములు మాత్రమే. వానికి దిగువ పేటపేటను చిన్న సంఘములు వందలకొలది గలవు. వీనినే నాన్-లీగు సంఘములందురు. పూర్వము వీనిలో పెక్కింట, పగలు పనిపాటలు చేసికొను యువకులు జీతము లేకయే యాడెడివారు. అట్టివారికై అమెచ్యూరు కప్పు అను పోటీ 1974 వరకు జరిగినది. ఇల్ఫర్డు సంఘము దానిని 1929, 1930 సంవత్సరములలో వరుసగా గెలిచినది. ఇరుగుపొరుగున నున్న లేటన్‌స్టోను, వాల్తమ్‌స్టో ఎవెన్యూ సంఘములును ఆ కప్పును గెలిచినవే. ఈ కడపటి సంఘము 1953లో మాంచెస్టరు యునైటెడ్ వారి సొంత మైదానమున వారితో 1-1గా నిలిచినది!

కాలక్రమమున ప్రేక్షకులు తగ్గిరి. భూమి వెల పెరిగినది. 1979లో ఇల్ఫర్డు లేటన్‌స్టోనుతో గలిసినది. 1988లో వాల్తమ్‌స్టో ఎవెన్యూ వచ్చి చేరినది. మరుసటి యేట ఆ సంఘమునకు రెడ్‌బ్రిడ్జి ఫారెస్టు అని పేరు పెట్టిరి. 1992లో అదియు డాగెన్‌హామ్‌తో గలిసి డాగెన్‌హామ్ అండ్ రెడ్‌బ్రిడ్జి యైనది. పాత పేర్లు మూడును పోయినవి. పాత మైదానములలో నిండ్లు లేచినవి.

మరునాడామె మమ్ము దగ్గరనే యున్న క్రికిల్‌ఫీల్డు మైదానమునకు గొనిపోయెను. స్వాతంత్ర్యము వచ్చి యేడాది నిండకమునుపే, 1948 జూలై 31వ తేదీన, ఒలింపిక్ క్రీడలలో మన భారత జట్టు ఫ్రాన్సు నెదిరించినది ఇల్ఫర్డులోనే. మనవారిలో పెక్కురు వట్టికాళ్లతోనే యాడిరి. రెండు పెనాల్టీలు వృథా కాగా 1-2గా ఓడిరి. ఇల్ఫర్డు పేరిట 1987లో మరల పుట్టిన సంఘమునకు తరువాత నీ క్రికిల్‌ఫీల్డే నెలవైనది. పోయిన పేరు మరల వినబడినందులకు ఆ వృద్ధురాలెంత సంతసించినదో!

సోదరీమణులారా, ఇంటిపేరు మారుట యెట్టిదో మనకు నొకరు చెప్పనక్కఱలేదు. మా పుట్టిల్లు అమ్ముడుపోయి చాలకాలమైనది. ఆ వీధినుండి పోవలసివచ్చినప్పుడెల్ల మేము తల త్రిప్పుకొనెడివారము. మా కుమార్తెకైనను ఆ యింటిమాట చెప్పియుండలేదు. ఆ రాత్రి భోజనములైన పిదప, పెరటి బావిని, జామచెట్టును, వసారాలో మా అమ్మ కూర్చుండు చోటును ఒక్కొక్కటిగా చెప్పితిమి. మనుమరాలు కాగితమును, పెన్సిలును దెచ్చి, “బావి యే ప్రక్కన, అమ్మమ్మా?” అని యడిగెను.