ఎర్ర చూపిన దారి

నా చిన్నతనంలో సెలవులకు అమ్మమ్మగారి ఊరు వెళ్ళేవాణ్ణి. అక్కడ మా చినమామయ్య కాలవలో గాలం వేసేవాడు. వానపాములను మావైపు ఎర్రలంటారు. వాటిని కొబ్బరిచిప్పలో వేసుకుని, ఒక్కొక్కటే మామయ్యకు అందివ్వడం నా పని.

ఒకనాడు ఎర్రలన్నీ పెనవేసుకుని ముద్దయిపోయాయి. నేను ఒకదాని తోక పట్టుకుని లాగాను. అది కాస్తా రెండు ముక్కలయింది! నాకు ఏడుపు వచ్చింది.

"లాగకురా, వదిలెయ్యి. దాని దారి అదే చూసుకుంటుంది," అన్నాడు మామయ్య.

చూస్తూ కూర్చున్నాను. ఒక ఎర్ర తల సన్నగా సాగదీసి, పక్కవాటి సందులోకి దూర్చింది. తల ఏ వంపు తిరిగిందో నడుమూ అదే వంపు తిరిగింది, తోకా అదే వంపు తిరిగింది. పక్కకు జరగడానికి దానికి చోటేదీ?

పాలిథీన్ సంచిని కరిగించినా లోపల ఇలాగే జరుగుతుందని పెద్దయ్యాక తెలిసింది. అందులో పొడవైన గొలుసుల్లాంటి అణువులుంటాయి. ఉడికిన సేమ్యా చూశారు గదా, అలా చిక్కుపడి ఉంటాయి. ఒక్కొక్క గొలుసుకు చుట్టూ ఉన్న గొలుసులే సొరంగం. అది పాములాగా ఆ సొరంగం వెంటే పాకుతుందని 1971లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు పియేర్ జిల్ ద జెన్ చెప్పాడు. 1991లో ఆయనకు నోబెల్ బహుమానం వచ్చింది. 1994లో అమెరికాలో స్టీవెన్ చూ, ఆయన తోటివారు, మెరిసే రంగు పట్టించిన డిఎన్ఎ గొలుసు ఇలా పాకడం మైక్రోస్కోపులో కళ్ళారా చూశారు.

కాని ఎర్రకూ పాలిథీన్ గొలుసుకూ పెద్ద తేడా ఉంది. గొలుసుకు సొంత బలం లేదు. వేడికి అదురుతూ, కాసేపు ముందుకూ కాసేపు వెనక్కూ జరుగుతూ, ఎప్పటికో సొరంగం దాటుతుంది. ద జెన్ లెక్క ప్రకారం గొలుసు పొడవు రెట్టింపయితే పట్టే కాలం ఎనిమిది రెట్లవుతుంది. (ప్రయోగాల్లో ఇంకా ఎక్కువే తేలింది!) అదే, ఒళ్ళంతా ఒకే వైపు తోసుకుపోయే గొలుసయితే, రెట్టింపు పొడవుకు రెట్టింపు కాలం చాలు.

నా కొబ్బరిచిప్ప లాంటి ప్రయోగమే ఆమ్‌స్టర్‌డామ్‌లో చేశారు. అక్కడివాళ్ళు సన్నటి నీటిపురుగుల ముద్ద ఎంత చిక్కగా ఉందో యంత్రంతో కొలిచి, 2020లో ప్రకటించారు. కాస్త ఆల్కహాలు కలిపి మత్తెక్కించిన పురుగులకంటే చురుకైన పురుగుల ముద్దే తేలిగ్గా జారింది.

ఆ రోజు మామయ్య ఎర కోసం చెయ్యి చాపేసరికి చిప్పలో ముద్ద లేదు. ఎర్రలన్నీ అంచు దాటి తడిమట్టిలోకి వెళ్ళిపోయాయి. నేను చూస్తూనే ఉన్నాను, కాని ఆపలేదు. మామయ్య నన్ను ఒక్క మాటా అనకుండా గాలం చుట్టేశాడు. ఆ పూట ఇంట్లో పప్పుచారే.