సత్యం, మైత్రి, ఓ గ్రేహౌండ్

గ్రేహౌండ్స్ అనగానే మనవాళ్ళకి గుర్తొచ్చేది 1989లో నక్సలైట్ల కోసం పెట్టిన పోలీసు దళమే. అందుకే టాంపాలో ఉండే మా అక్క ఫోన్ చేసి "అమ్మా, మా ఇంటికి గ్రేహౌండ్ వస్తోంది" అనగానే మా అమ్మ బెదిరిపోయి "అల్లుడుగారేం చేశారే?" అనడిగింది :) తర్వాత వీడియో కాల్‌లో ఆ కుక్కని చూశాక ఇంకో కంగారు. "ఎముకలు బయటికొచ్చేశాయి, దానికసలు తిండి పెడుతున్నారా?" అని. పెడుతున్నారు. ఆ జాతి ఒళ్ళే అంత. కొవ్వుండదు, చర్మం పల్చన, పరిగెత్తితే గంటకి దాదాపు 70 కిలోమీటర్లు.

ఫ్లోరిడాలో కుక్కల పందేలు వద్దని 2018 నవంబర్లో జనం ఓటేశారు. 2020 చివరికల్లా ట్రాకులన్నీ ఆపేయాలన్నారు. దాంతో వేల కుక్కలకి ఇళ్ళు వెతకాల్సొచ్చింది. అక్కావాళ్ళ చిట్టి అలా వచ్చిందే. పుట్టినప్పట్నుంచీ గూట్లోనూ ట్రాకు మీదా తప్ప ఇంకెక్కడా బతకలేదు. మెట్లంటే ఏంటో తెలీదు. బావ ఒక్కో కాలూ తీసి ఒక్కో మెట్టు మీద పెట్టి నేర్పించాడట. అద్దం తలుపు కనబడక వెళ్ళి గుద్దుకునేది. అంత వేగంగా పరిగెత్తే ప్రాణి రోజులో ముప్పాతిక వంతు సోఫా మీదే, అదీ వెల్లకిలా, నాలుగు కాళ్ళూ గాల్లోకి పెట్టి నిద్ర. అక్క ఓసారి దాని చెవులు మడిచి చూపించింది. లోపల పచ్చబొట్టు! ఎడమ చెవిలో ఏ ఈతలో పుట్టిందో ఆ నంబరు, కుడి చెవిలో పుట్టిన నెలా సంవత్సరం, ఆ ఈతలో ఎన్నోదో.

అది చూసి నేను లేచి మా మైత్రి చెవి పట్టుకుని చూశా. దాని చెవికీ ఓ గుర్తుంది. అంచున చిన్న కత్తిరింపు.

నా దగ్గరున్నవి గ్రేహౌండ్లు కావు లేండి, అచ్చమైన అమీర్‌పేట వీధి కుక్కలు. మైత్రీవనం దగ్గర దొరికింది కాబట్టి మైత్రి. 2023లో కొత్త మల్టీప్లెక్స్ తెరిచిన పాత సత్యం థియేటర్ స్థలం పక్కన దొరికాడు కాబట్టి వీడు సత్యం. ఆఫీసులో ఎవరికి చెప్పినా "లెక్కలు సరిగ్గా చూసుకో" అని ఒకటే జోకు. మైత్రి చెవి కత్తిరింపుకి అర్థం, దాన్ని ఎవరో పట్టుకెళ్ళి, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి, రేబిస్ టీకా వేసి, తెచ్చి మళ్ళీ అదే వీధిలో వదిలేశారని. 2001 నాటి నిబంధనల ప్రకారమైనా, వాటి బదులు 2023లో తెచ్చిన కొత్తవాటి ప్రకారమైనా పద్ధతి ఇదే. అక్కడ పందెం కోసం పెంచిన కుక్క, ఇక్కడ ఎవరూ పెంచని కుక్క. ఇద్దరి చెవిలోనూ మనుషుల లెక్కే.

వీటి వింత అలవాట్లు చెప్పమంటే ఓ రాత్రి పడుతుంది. సత్యం ఎంత మెత్తటి పరుపు కొన్నా దాని మీద పడుకోడు, మంచం కిందకి దూరతాడు. మొదట్లో అర్థం కాలేదు. వీడు పెరిగిందంతా పార్కు చేసిన కార్ల కింద కదా! మంచమంటే వాడి లెక్కలో కదలని కారు. పనమ్మాయి చీపురు తీస్తే చాలు, బాత్రూంలోకి పరుగు. మైత్రి పొద్దున్న అయిదున్నరకల్లా లేచి బాల్కనీలో నిలబడుతుంది. ఏడింటి బ్యాచ్ పిల్లలొచ్చేలోపు కింద టిఫిన్ బండి పెట్టే టైమది. ఇనిస్టిట్యూట్ల బోర్డుల మీద జావా పోయి ఏఐ వచ్చినా పూరీ నూనె వాసన మారలేదు. గిన్నెలో పెట్టింది గిన్నెలో తినదు, నోట కరుచుకుని మూలకి పోతుంది. మిగిలింది దాచుకుంటుంది. ఓసారి మాదాపూర్‌లో క్లయింట్ డెమోకి ముందు లాప్‌టాప్ బ్యాగు తెరిస్తే చార్జర్ పక్కన సగం చపాతీ!

మన భాషలో చెప్పాలంటే ఇవి డాక్యుమెంటేషన్ లేని పాత సిస్టమ్స్. ఈ కోడ్ ఎందుకుందో రాసినవాడు చెప్పడు. పిచ్చిగా కనబడింది కదా అని తీసేయబోతే తెలుస్తుంది, ఎప్పుడో ఒకప్పుడు అది ప్రాణం నిలబెట్టిన లైనని. మనం ముద్దుగా వింత అలవాట్లంటాం గానీ, అవి వాటి పాత బతుకు. చిట్టి మెట్ల దగ్గర వణికినా, సత్యం చీపురు చూసి పారిపోయినా కారణం ఒకటే.

ఇంతవరకూ సరదాగానే ఉంది. పోయినేడాది మా అమీర్‌పేట ఫ్లాట్ ఓనరు "కుక్కలైనా ఉండాలి, మీరైనా ఉండాలి, నెల రోజుల్లో తేల్చండి" అన్నాడు. పక్క ఫ్లాట్‌లో ఆరేళ్ళ బాబున్నాడు. వాళ్ళమ్మకి మావి కనబడితే చాలు, వణుకు. ఆవిడ భయాన్ని నేను కొట్టిపారేయలేను. 2023 ఫిబ్రవరిలో అంబర్‌పేటలో కుక్కలు మీద పడి నాలుగేళ్ళ పిల్లాడు చనిపోయిన వీడియో ఈ ఊళ్ళో చూడనివాళ్ళు తక్కువ. అపార్ట్‌మెంట్ సంఘాలు పెంపుడు కుక్కల్ని నిషేధించకూడదని, లిఫ్ట్ ఎక్కొద్దనకూడదని జంతు సంక్షేమ బోర్డు 2015లోనే చెప్పింది. కానీ ఆ కాగితం ఓనరుకి చూపిస్తే ఆయన 11 నెలల అగ్రిమెంటు చూపిస్తాడు. ఆ కాగితంతో ఆ తల్లి భయం కూడా పోదు. అందుకని ఉన్న నెలా వాటి మూతికి తొడుగేసి, మెట్ల మీంచే, బాబు బయటికి రాని వేళల్లో తిప్పా.

అమ్మేమో "ఎక్కడివి అక్కడే వదిలెయ్ రా, వాటికలవాటేగా" అంది. చాలామంది ఇదే అనుకుంటారు. కానీ వీధి ఖాళీగా ఉండదు. మైత్రి వదిలొచ్చిన చోటుని ఆ వారంలోనే వేరే గుంపు పట్టేసుకుని ఉంటుంది. మూడేళ్ళు ఇంట్లో పడుకున్న కుక్కని అక్కడ దింపితే దాన్ని చీల్చేస్తాయి. అక్క చేత దత్తత రోజునే ఓ కాగితం మీద సంతకం పెట్టించుకున్నారట, పెంచలేకపోతే తిరిగి వాళ్ళకే అప్పజెప్పాలి, ఇంకెక్కడా వదలకూడదని. నాకలాంటి కాగితం లేదు. నేను తప్ప వెనక్కి తీసుకునేవాళ్ళెవరూ లేరు.

పదకొండు ఇళ్ళు చూశా. "పెట్స్ ఓకే" అని రాసినవాళ్ళు కూడా లాబ్రడార్‌కి ఓకే అట, వీధి కుక్కకి కాదట. ఆఖరికి పంజాగుట్ట ద్వారకాపురి కాలనీలో ఓ పాతింటి కింద పోర్షన్ దొరికింది. ఓనరు పెద్దాయన "ఏ జాతి?" అన్నారు. "వీధి కుక్కలండీ" అన్నా. "మా ఊళ్ళో అన్నీ అవే, రండి" అన్నారు. అద్దె ఆరు వేలెక్కువ. మెట్రో కొంచెం దూరం. పదిహేను రోజులు మైత్రి గేటు దాటలేదు, సందులో కుక్కలు ఊరుకోలేదు. ఇప్పుడు ఫరవాలేదు, గేటుకి అటూ ఇటూ నిలబడి తిట్టుకుంటాయంతే.

2025 ఆగస్టు 17న జీహెచ్ఎంసీవాళ్ళు బంజారాహిల్స్ జలగం వెంగళరావు పార్కులో వీధి కుక్కపిల్లల దత్తత మేళా పెట్టారు. మంచి పని. అయిదు రోజుల తర్వాత, ఆగస్టు 22న, సుప్రీంకోర్టు కూడా కోరుకున్నవాళ్ళు వీధి కుక్కల్ని దత్తత తీసుకోవచ్చంది. కాకపోతే వెంటనే ఇంకో మాట చేర్చింది, తీసుకున్న కుక్క మళ్ళీ వీధిలోకి రాకుండా చూసే బాధ్యత తీసుకున్నవాళ్ళదే అని. మేళాలో పిల్లని ఎత్తుకుని సెల్ఫీ దిగే మనలాంటివాళ్ళందరూ ఆ మాట రెండుసార్లు చదవాలి. ఎందుకంటే ఈ ఊళ్ళో ఇళ్ళు మారేది, ఆన్‌సైట్ వెళ్ళేది, నోటీస్ పీరియడ్‌లో ఉండేది మనమే. కుక్క పన్నెండు, పదిహేనేళ్ళు బతుకుతుంది. మనలో అన్నేళ్ళు ఒకే కంపెనీలో ఉన్నవాళ్ళెంతమంది?

పెంచుకోవద్దనట్లేదు. తెచ్చుకునే ముందు మూడు ప్రశ్నలు వేసుకోండి. అగ్రిమెంట్లో కుక్క సంగతి రాసుందా? రేపు మీకు వీసా వస్తే దీన్ని ఎవరు చూస్తారు, వాళ్ళ పేరేంటి? ఏటా రేబిస్ టీకా వేయించే ఓపికుందా? మూడింటికీ జవాబుంటే నిక్షేపంగా తెచ్చుకోండి. లేదంటే మీ వీధిలో ఉన్నదాని చెవి చూడండి. కత్తిరింపు లేకపోతే ఆపరేషన్‌కీ టీకాకీ ఫోన్ చేయండి. అదీ పెంచడంతో సమానమే, ఆ వీధిలో ఆడుకునే పిల్లలకీ మేలే.

నాకు తొమ్మిదింటికి కాలుంది. చెప్పొకటి మంచం కింద, సత్యం దగ్గరుంది. బతిమాలి తెచ్చుకోవాలి. ఉంటా మరి.