సమయానికి ఆడేవాడు

మనుషుల్ని రెండు గంపల్లో వేసి తూచడం మనకు మహా సరదా. ఒక గంపలో సమయానికి అక్కరకు వచ్చేవాళ్ళు, రెండో గంపలో సమయానికి చేతులెత్తేసేవాళ్ళు. పెళ్ళివంటల వాడి దగ్గర్నుంచి పరీక్షకు వెళ్ళే పిల్లవాడిదాకా ఎవరికీ ఈ తూకం తప్పదు. ఒకసారి గంపలో పడ్డవాడు మళ్ళీ బయటపడడం మాత్రం బ్రహ్మప్రళయం.

ఆటల్లో ఈ తూకం మరీ నిర్దయగా ఉంటుంది. క్రికెట్టు తెలియని పాఠకులు దయచేసి పుట తిప్పవద్దు. నేను చెప్పబోయేది ఆటను గురించి కొంతే. మనుషుల మీద మనం వేసే ముద్రలను గురించే ఎక్కువ.

మాది మైపాడుకు దగ్గర్లో సముద్రపు ఒడ్డున ఉన్న చిన్న పల్లె. సరుగుడు తోపుకూ సముద్రానికీ నడుమ గట్టిపడిన ఇసకలో మా కుర్రాళ్ళు సాయంత్రాలు క్రికెట్టు ఆడతారు. సంక్రాంతికి చుట్టుపక్కల ఊళ్ళతో పందెం. అందులో పద్దెనిమిదేళ్ళ కుర్రాడొకడు రెండేళ్ళు వరసగా ఆఖరి ఓవరులో అవుటయ్యాడు. రెండుసార్లూ మావాళ్ళు ఓడిపోయారు. ఇంకేముంది, వాడికి ‘ఆఖరోవరు’ అని పేరు పెట్టేశారు. చేపలు కొనడానికి వచ్చే పరాయి ఊరివాళ్ళు కూడా అదే పేరుతో పిలవడం మొదలుపెట్టారు. మూడో ఏడు వాణ్ణి జట్టులోంచి తీసేద్దామని కుర్రాళ్ళు అనుకుంటుండగా, వాడి మేనమామ నా దగ్గరకు వచ్చాడు. నలభై ఏళ్ళుగా పడవకు చుక్కాని పట్టినవాడాయన. నేను ముప్ఫయ్యేళ్ళు బడిలో లెక్కలు చెప్పినవాణ్ణి.

“అయ్యవారా, మావోడు బువ్వ సరిగ్గా తినడంలా. వాడు నిజంగానే పిరికోడా? మీరు లెక్కల మనిషి గదా, లెక్క తేల్చి చెప్పండి” అన్నాడు.

బడిలో పిల్లల చేత నేను ఒక ఆట ఆడించేవాణ్ణి. తరగతిలో 32 మంది ఉంటే ఒక్కొక్కరి చేత రూపాయి బిళ్ళను అయిదుసార్లు ఎగరేయించేవాణ్ణి. సగటున ఒకరికి అయిదుసార్లూ బొమ్మే పడుతుంది. మరొకరికి అయిదుసార్లూ బొరుసే. మొదటివాడి చేతిలో మహిమా లేదు, రెండోవాడి చేతిలో శనీ లేదు. కాని అవి బిళ్ళలు కాక ఆఖరి ఓవర్లే అయితే, మొదటివాణ్ణి భుజాల మీద ఊరేగించేవాళ్ళం. రెండోవాడికి మారుపేరు పెట్టేవాళ్ళం. ఆఖరి ఓవరులో పన్నెండు పరుగులు కావాలంటే ఎంతటి మొనగాడైనా సగంసార్లయినా ఓడతాడు. అలాంటప్పుడు రెండుసార్లు వరసగా ఓడడం నలుగురిలో ఒకడికి జరిగేదే. అందులో వింత ఏముంది?

ఇది విని మా కుర్రాళ్ళ నాయకుడు ఊరుకోలేదు. “అట్టయితే లక్ష్మణ్ సంగతేంది సార్? ఆయనది కూడా బొమ్మా బొరుసేనా?” అన్నాడు.

మంచి ప్రశ్న. తెలుగువాళ్ళకు ‘సమయానికి ఆడేవాడు’ అనగానే గుర్తొచ్చే పేరు హైదరాబాదు వి.వి.ఎస్. లక్ష్మణ్‌దే. 2001 మార్చిలో కలకత్తా ఈడెన్ గార్డెన్సులో ఆడిన ఆస్ట్రేలియా, అంతకు ముందు వరసగా 16 టెస్టులు గెలిచిన జట్టు. వాళ్ళు 445 పరుగులు చేస్తే మనవాళ్ళు 171కే కుప్పకూలి, వెంటనే మళ్ళీ బ్యాటింగుకు దిగవలసి వచ్చింది. అప్పుడు లక్ష్మణ్ 281, ద్రావిడ్ 180 చేశారు. ఇద్దరూ కలిసి 376 పరుగులు జోడించారు. నాలుగో రోజు పొద్దుటినుంచి సాయంత్రందాకా ఒక్క వికెట్టు పడలేదు. చివరకు మనం 171 పరుగుల తేడాతో గెలిచాం. 2010 అక్టోబరులో మొహాలీలో 216 పరుగులు కావలసి ఉండగా 124కే ఎనిమిది వికెట్లు పోతే, నడుము పట్టేసిన లక్ష్మణ్ 73 పరుగులతో చివరిదాకా నిలబడి ఒక్క వికెట్టు తేడాతో గట్టెక్కించాడు.

ఇదంతా నిజమే. కాని దీని పక్కనే పెట్టి చూడవలసినవి మరికొన్ని ఉన్నాయి. ఈడెన్‌లో ఆ 171 పరుగుల్లో 59 లక్ష్మణ్‌వే. అంటే ఆపద ముదరకముందే ఆయన చక్కగా ఆడుతున్నాడన్నమాట. 2000 జనవరిలో సిడ్నీలో, అదే ఆస్ట్రేలియా మీద, జట్టు మొత్తం 261 చేస్తే అందులో 167 ఆయనవే. ఆ టెస్టు మనం ఇన్నింగ్సు 141 పరుగుల తేడాతో ఓడిపోయాం. అదే మనిషి, అదే మణికట్టు. కాని ఆ రోజు అవతలి కొసన నిలిచినవాడు లేడు. ఈడెన్‌లో ద్రావిడ్ ఉన్నాడు, మొత్తం 13 వికెట్లు తీసిన హర్భజన్ ఉన్నాడు. మొహాలీలో 31 పరుగులు చేసిన ఇశాంత్ శర్మ ఉన్నాడు. 2011-12లో ఆస్ట్రేలియాలో జట్టుకు ఎంతో అవసరమైనప్పుడు లక్ష్మణ్ నాలుగు టెస్టుల్లో కలిపి చేసింది 155 పరుగులే. దీనివల్ల ఆయన గొప్ప తగ్గిందనడం లేదు. ఆ గొప్ప ఆపదలో మాత్రం పుట్టుకొచ్చే మంత్రం కాదు, ఎప్పుడూ ఉన్న ఆటే అంటున్నాను.

రెండో గంపలోవాళ్ళకూ ఒక ఉదాహరణ ఉంది. 1986 ఏప్రిల్‌లో షార్జాలో ఆఖరి బంతికి పాకిస్తానుకు నాలుగు పరుగులు కావాలి. చేతన్ శర్మ వేసిన బంతిని మియాందాద్ సిక్సరు కొట్టాడు. ఆ ఒక్క బంతితో చేతన్ శర్మ పేరు దేశమంతటా తిట్టుగా మారింది. 1987 అక్టోబరులో నాగపూరులో, ప్రపంచ కప్పు పోటీల్లో మొట్టమొదటి హాట్రిక్కు తీసింది ఎవరు? ఆ చేతన్ శర్మే. 1989లో నెహ్రూ కప్పులో ఇంగ్లండు మీద నూరు పరుగులు కొట్టి జట్టును గెలిపించిందీ ఆయనే. అయినా జనం మాత్రం ఆ సిక్సరునే తలుచుకుంటారు!

ఈ తగువు మనకే కాదు. అమెరికాలో బేస్‌బాల్ అని క్రికెట్టుకు దాయాది లాంటి ఆట ఒకటుంది. ఇరుకున పడ్డప్పుడు రాణించేవాణ్ణి అక్కడ ‘క్లచ్’ ఆటగాడంటారు. లెక్కలు రాసిపెట్టడంలో వాళ్ళు మన కరణాలను మించినవాళ్ళు. 1977లో రిచర్డ్ క్రేమర్ అనే ఆయన 1969లో ఆపత్సమయాల్లో మామూలు కంటే బాగా ఆడినవాళ్ళే 1970లోనూ అలా ఆడారా అని చూశాడు. ఆడలేదు; మొదటి ఏటి ధీరులకూ రెండో ఏటి ధీరులకూ పొంతన కుదరలేదు. కనక అలాంటి ప్రత్యేక నేర్పు లేదన్నాడు. చాలా ఏళ్ళ తరవాత, 2004లో, బిల్ జేమ్స్ అనే మరో పండితుడు అభ్యంతరం చెప్పాడు. ఆయన వాదం మా ఊరి భాషలో చెప్పాలంటే, పుష్యమాసపు మంచులో పడవ కనబడనంత మాత్రాన సముద్రంలో పడవ లేదనలేం. ఆ తరవాత ఇంకా లోతుగా లెక్కలు కట్టినవాళ్ళు, ఉంటే ఉండవచ్చు గాని అది బహు చిన్నదని తేల్చారు.

ఇంతా విని చుక్కాని పెద్దాయన తల గోక్కున్నాడు. అప్పుడు నేనే ఆయన్ని అడిగాను: “ఒడ్డు దగ్గర పెద్ద అల లేచినప్పుడు నీకు బలం ఎక్కువొస్తుందా?”

“బలమెక్కడిది అయ్యవారా! ఎప్పుడూ చేసే పనే చేస్తా. పెద్ద అలలు వరసగా పోనిచ్చి, సందు చూసి పోనిస్తా. కొత్తోడైతే అలను చూసి చేతిలో తెడ్డుందని మరిచిపోతాడు. నేను మరిచిపోను. అంతే!”

ఈ మాటలో ఉన్నంత సారం నా బొమ్మా బొరుసుల్లో లేదు. ఆపద ఎవరికీ కొత్త శక్తి ఇవ్వదు. ఉన్నదాన్ని భయం లాక్కోగలదు. లాక్కోనివ్వనివాణ్ణే మనం ధీరుడంటున్నాం. అది పుట్టుకతో వచ్చిన వరం కాదు. అలవాటు. మొదటిసారి అల ముందు నిలబడ్డవాడూ నూరోసారి నిలబడ్డవాడూ ఒకటి కారు గదా?

నాయకుడు మాత్రం గట్టివాడు. “సంక్రాంతి ఇంకా పది రోజులే సార్. నూరుసార్లు ఎప్పుడు చూస్తాం?” అన్నాడు.

“చూడలేం. కనక చూసినదాన్నే లెక్కపెట్టు. రెండు ఓవర్లు కాదు, ఏడాది మొత్తం తియ్యి” అన్నాను. వాళ్ళ దగ్గర పరుగులు రాసుకునే పుస్తకం ఉంది. తిరగేస్తే, ఆ ఏడు జట్టులో అందరికంటే ఎక్కువ పరుగులు ‘ఆఖరోవరు’వే! ఆ పుస్తకాన్ని అంతదాకా ఎవరూ కూడి చూడలేదు. ఆ పది రోజులూ సాయంత్రం ఆట చాలించేముందు వాడికి ఆరు బంతులు, పన్నెండు పరుగులు లెక్కన పెట్టి, చుట్టూ నిలబడి కేకలు వేయమన్నాను. కేకలు వేయడంలో మా ఊరివాళ్ళకు శిక్షణ అక్కర్లేదు.

వాణ్ణి జట్టులో ఉంచుకున్నారు. ఆ రాత్రి వాడు కడుపునిండా తిన్నాడని మేనమామ చెప్పాడు. సంక్రాంతి పందెంలో ఏమయిందో మాత్రం ఇక్కడ రాయను. గెలిచాడంటే “చూశారా, ధీరుడు!” అంటారు. ఓడాడంటే “మేం ముందే అనలేదా?” అంటారు. ఒక్క ఓవరుతో మనిషి తేలడని చెప్పడానికే గదా ఇంత రాసింది!