పాత కారుకు కొత్త మీటరు

కరీంనగర్ నుండి రాజీవ్ రహదారి మీద వచ్చేవారికి బసంత్‌నగర్ సిమెంటు ఫ్యాక్టరీ దాటిన తరువాత రామగుండం పొగగొట్టాలు కనబడతాయి. మొదట ఎన్‌టిపిసి, తరువాత 1999లో మూతబడి 2021లో కొత్త సంస్థగా మరల యూరియా తీసిన ఎరువుల కర్మాగారం, ఆ పైన సింగరేణి గనుల ఊరు గోదావరిఖని, దాని అంచున గోదావరి. బొగ్గు లారీల వెనుక మెల్లగా సాగవలసిన ఈ దారిలో మే నెల ఎండ 45 డిగ్రీలు దాటే రోజులుంటాయి. మనుషులకే గాక పాత బండ్లకు కూడా అది పరీక్షే.

మా మేనమామగారు ఇక్కడి గనిలో సర్దారుగా పనిచేసి రిటైరైనారు. ఆయనకొక పాత అంబాసిడర్ ఉన్నది. ఆ కార్ల తయారీయే 2014లో ఆగిపోయింది గాని మామయ్య దానిని వదలరు. అత్తయ్యగారిని గుండె జబ్బు చూపించుటకు నెలనెలా కరీంనగర్ తీసుకొని వెళ్లాలి, 60 కిలోమీటర్లకు పైగా ప్రయాణం. బస్సులో ఆమె కూర్చోలేరు. కారులో ఇంజను వేడి చూపే మీటరేమో ఎన్నడో పనిచేయుట మానింది. నడి ఎండలో ఇంజను పొంగితే రోగిని ఏ నీడన కూర్చోబెట్టాలి? అందుకే వేసవికి ముందే బజారులో దొరికే మీటరు ఒకటి తెచ్చి బిగింపించారు.

పని పూటలో అయిపోయింది. ఇంజను పూర్తిగా చల్లారాక కొంత నీరు తీసివేసి, రేడియేటర్ పై హోస్ పైపును కోసి, మధ్యన లోహపు ముక్కనొకటి పెట్టి రెండు ప్రక్కల క్లిప్పులు బిగించారు. సెన్సర్ ఆ ముక్కలోనే కూర్చుంటుంది. తీరా స్విచ్ వేస్తే ముల్లు కదలలేదు! రబ్బరు పైపు మధ్యనున్న ముక్కకు ఇంజనుతో సంబంధం లేదు గదా, కరెంటు తిరిగి పోవుటకు దారి ఎక్కడ? మెకానిక్ ఆ ముక్క నుండి ఇంజనుకు వేరే ఎర్త్ వైరు వేయగానే ముల్లు లేచింది. మీటరుకు వచ్చే వైరులో ఒక చిన్న ఫ్యూజు కూడా పెట్టాడు.

ఆ తరువాత అతడన్న మాట మాత్రం అందరూ వినదగినది: “ముల్లు కిందికుంటె సంబరపడకు కాకా. నీళ్లు కారిపోతె సెన్సర్ గాలిల ఉంటది. ఇంజన్ కాలుతున్నా ముల్లు సల్లగనే సూపిస్తది. పొద్దుగాల నీళ్లు సూసినంకనే బండి తియ్యి.”

మామయ్యకు ఇది వెంటనే అర్థమైంది. గనిలో సర్దారు చేతి దీపం కూడా ఒక మీటరే. 1815లో హంఫ్రీ డేవీ చేసిన దీపపు జాతి అది. మండే వాయువుంటే మంటపై నీలి టోపీ లేస్తుంది, ప్రాణవాయువు తగ్గితే మంట కుంగుతుంది. పెద్ద మంటలో ఆ నీలి రంగు కనబడదు గనుక, వత్తి తగ్గించి చూచుట తెలిసిన వానికే అది ఉపయోగం.

మే నెల ప్రయాణంలో బసంత్‌నగర్ వరకు ముల్లు 90 దగ్గర నిలిచింది. పెద్దపల్లి ముందర లారీల వరుసలో 100 వైపు జరిగింది. మామయ్య వేపచెట్టు క్రింద బండి ఆపి బానెట్ ఎత్తారు గాని రేడియేటర్ మూత ముట్టలేదు. వేడి మీద తీస్తే మరిగే నీరు ముఖాన చిమ్ముతుంది. అత్తయ్య మజ్జిగ త్రాగి కొంతసేపు పడుకున్నారు. చూడగా ఫ్యాన్ బెల్టు వదులైంది. అరగంట ఆగి, పెద్దపల్లిలో దానిని బిగింపించుకొని, పదకొండు గంటలకు ఆసుపత్రి చేరారు.